యాప్ ఆగిపోతే తప్పు ఆమెదేనా?

కొన్నేళ్ళ కిందట ఒంటరి స్త్రీల పెన్షన్ల గురించి మేమొక సర్వే చేశాం. కాగితం ఫారాలు మానేసి ఫోన్లలో నింపడం మాకదే మొదటిసారి. ఒక సాయంత్రం మా క్షేత్ర కార్యకర్త ఊరినుంచి ఫోన్ చేసింది. "తెరువంగనే బందయితుంది మేడం. ఇయ్యాల పద్నాలుగు మందితోటి మాట్లాడిన. ఒక్కటి గూడ పోలె" అంది. నేను హైదరాబాదులో కూర్చుని, నాకు తెలిసిన రెండు ముక్కలతోనే, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 'క్లియర్ డేటా' నొక్కమన్నాను. నొక్కింది. యాప్ చక్కగా తెరుచుకుంది. పద్నాలుగు మంది స్త్రీలు చెప్పిన మాటలు మాత్రం అందులో లేవు.

ఆ నెల నివేదికలో నేను రాసిన వాక్యం ఇది: 'క్షేత్ర కార్యకర్త పొరపాటు వల్ల 14 ఇంటర్వ్యూలు పోయాయి.' ఆమె మళ్ళీ ఆ ఊరు వెళ్ళింది. పగలు కూలికి పోయే ఆడవాళ్ళను రాత్రిపూట కలిసి, చెప్పిన కష్టమే మళ్ళీ చెప్పించుకుంది. బస్సు చార్జీలు తనే పెట్టుకుంది. చాలా రోజుల తర్వాత, నివేదిక చూసి కాబోలు, మెల్లగా అడిగింది: "అది నొక్కుమన్నది మీరే గద మేడం?"

స్త్రీల శ్రమ ఎవరికీ కనిపించకుండా ఎలా పోతుందో ఏళ్ళ తరబడి రాస్తూ వచ్చినదాన్ని నేను. అదే పని ఒక్క వాక్యంతో నేనే చేశాను. ఈ సంపాదకీయం రాయాలనిపించింది అందుకే.

ఫోనులో యాప్ ఉన్నట్టుండి ఆగిపోవడానికి కారణాలు చాలావరకు మామూలువే. ఫోనుకు ర్యామ్ తక్కువ కావచ్చు, స్టోరేజి నిండి ఉండొచ్చు, ఆండ్రాయిడ్ పాతది కావచ్చు, కొత్తగా వచ్చిన అప్‌డేట్‌లోనే లోపం ఉండొచ్చు. 2021 మార్చిలో 'ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ' అనే భాగంలో వచ్చిన లోపం వల్ల జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు అనేక దేశాల్లో తెరవగానే మూసుకుపోయాయి. గూగుల్ సంస్థ లోపాన్ని ఒప్పుకుని, కొత్త అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఆఫీసుల్లో పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళ ఫోన్లు ఆగితే అది సాంకేతిక లోపం. పల్లెలో ఒక అంగన్‌వాడీ టీచర్ ఫోను ఆగితే మాత్రం 'ఆమెకు వాడటం రాదు' అంటాం. ఈ తేడా యంత్రంలో లేదు, మన చూపులో ఉంది.

అంగన్‌వాడీలకు ఇది కొత్త అనుభవం కాదు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్‌లో రిజిస్టర్లు రాస్తూ వచ్చిన స్త్రీల చేతికి 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మహారాష్ట్రలో వేలాదిమంది కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లను తిరిగి ఇచ్చేశారు. రెండు జీబీ ర్యామ్ ఉన్న ఆ ఫోన్లలో పని జరగడం లేదనీ, యాప్ తమ భాషలో లేదనీ వాళ్ళు చెప్పారు. 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు కూడా తప్పనిసరి చేశారు. ఇక అక్కడ యాప్ ఆగితే టీచర్ పని ఒక్కటే ఆగదు. ఎండలో నడిచి వచ్చిన గర్భిణి సంచి ఖాళీగా తిరిగిపోవచ్చు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం గర్భిణికీ బాలింతకూ అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందాలంటుంది. ఇవ్వకపోతే భృతి చెల్లించాలని కూడా అంటుంది. ఫోను పనిచేస్తేనే ఆ హక్కు ఉంటుందని చట్టంలో ఎక్కడా లేదు.

అందుకని రెండు పనులు కలిపి చెయ్యాలి. మొదటిది, ఈ మరమ్మతు విద్య మన చేతికి రావాలి. యాప్ ఆగగానే స్క్రీన్‌షాట్ తీయండి. తేదీ, సమయం, ఏం చేస్తుండగా ఆగిందో నోటుపుస్తకంలో రాసుకోండి. తర్వాత 'ఫోర్స్ స్టాప్' చేసి మళ్ళీ తెరవండి. కుదరకపోతే ఫోను ఆపి మళ్ళీ వెయ్యండి. స్టోరేజి నిండితే ఫోటోలు, వీడియోలు వేరేచోట దాచి ఖాళీ చెయ్యండి. యాప్‌తో పాటు వెబ్‌వ్యూకీ, క్రోమ్‌కీ అప్‌డేట్ ఉందేమో చూడండి. అప్పటికీ కాకపోతే 'క్లియర్ కాష్' నొక్కొచ్చు, అది తాత్కాలికంగా పోగైన ఫైళ్ళనే తీసేస్తుంది. 'క్లియర్ డేటా', 'అన్‌ఇన్‌స్టాల్' మాత్రం వేరు. పంపకుండా ఫోనులోనే ఉన్న వివరాలన్నీ వాటితో పోవచ్చు. పైవాళ్ళు నొక్కమంటే, ఆ మాట మెసేజ్‌లో రాసి పంపమనండి. ఒకేచోట రెండు మూడు ఫోన్లలో యాప్ ఆగుతోందంటే లోపం మీ ఫోనుది కాకపోవచ్చు. యాప్ వెర్షన్ నంబరు, ఫోను మోడల్ రాసి ఫిర్యాదు చెయ్యండి.

రెండవది, ఇది ఒక్కొక్కరు విడిగా మోయాల్సిన బరువు కాదు. ప్రభుత్వాన్ని ప్రశ్నించే ముందు మన సంస్థల్నే అడుగుదాం. సర్వే మొదలుపెట్టే ముందు మన దగ్గరున్న అన్నిటికన్నా చవక ఫోనులో యాప్‌ను పరీక్షిస్తున్నామా? ఫోనుకీ డేటాకీ బడ్జెట్‌లో డబ్బు పెడుతున్నామా? యాప్‌తో కుస్తీ పట్టిన గంటల్ని పనిగంటల్లో లెక్కిస్తున్నామా? ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా స్పష్టమే. యాప్ ఆగిన రోజు కాగితం రిజిస్టరు చెల్లాలి. ఆ కారణంగా ఎవరి ప్రోత్సాహకమూ కోయకూడదు, ఎవరి రేషనూ ఆపకూడదు.

ఆలస్యంగానైనా నా వాక్యం మార్చాను. '14 ఇంటర్వ్యూలు పోవడానికి కారణం మొదట యాప్, తర్వాత నేనిచ్చిన సలహా' అని రాసి, నివేదిక అందినవాళ్ళందరికీ సవరణ పంపాను. ఆ సంగతి చెప్తే మా కార్యకర్త నవ్వి, "మంచిగైంది మేడం. మరి నా బస్సు కిరాయి?" అంది. ఇచ్చాను. అది మొదటి నెలలోనే ఇవ్వవలసింది.

మీ నోటుపుస్తకాల్లో రాసుకున్నవి మాకు పంపండి. ఎక్కడ, ఎప్పుడు ఆగింది, ఆరోజు ఎవరు ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళారు - అవన్నీ ఒకచోట చేరితే, 'ఆమెకు రాదు' అనే మాటకు జవాబు మన దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది.