ముఖం మీద కాదు... గోడ మీద కొట్టండి!

కంగారు పడకండి పాఠక మిత్రులారా! నేను కొట్టమంటున్నది ఫ్లాష్‌ని!

తెర మీద తారల ముఖాలు వెన్నముద్దల్లా మెరుస్తాయి కదా, మనింట్లో తీసుకున్న ఫోటోలో మాత్రం మన ముఖం పిండి పూసినట్టు ఎందుకుంటుంది? 'వాళ్ళు తారలు, మనం మామూలు వాళ్ళం' అని సరిపెట్టుకోకండి. తేడా ముఖంలో లేదు, వెలుగులో ఉంది. ఈ సంగతి నేను తెలుసుకున్నది మా చిన్నాయన కూతుర్ని ఏడిపించిన తర్వాత.

హన్మకొండలో వాళ్ళిల్లు. పెళ్ళిచూపులకు ఫోటో కావాలన్నారు. కొత్తగా కొన్న ఫ్లాష్ కెమెరా నెత్తిన తగిలించుకుని, హీరోలా వెళ్ళాను. చెల్లెది చామనచాయ. చిన్నమ్మ చెవిలో చెప్పింది, "జర తెల్లగ పడేటట్టు తియ్యి కొడుకా" అని. అదెంత పని! చెల్లెను హాల్లో గోడకు ఆనించి నిలబెట్టి, ఫ్లాష్ బలం పెంచి, సూటిగా ముఖం మీద కొట్టాను. తెల్లగానే పడింది. నుదురు నూనె రాసినట్టు మెరిసింది, ముక్కు గోడలో కలిసిపోయింది, వెనక గోడ మీద నల్లటి నీడ దయ్యంలా నిలబడింది. చిన్నమ్మ మురిసిపోయింది. చెల్లె మాత్రం "అన్నా, గిది నేనేనా?" అంది. నవ్వి ఊరుకున్నాను.

అబ్బాయి తరపు వాళ్ళు వచ్చారు. పిల్లను చూశారు, చేతిలోని ఫోటోను చూశారు. "ఫోటోల వేరే తీరుగ ఉన్నది" అని టీ తాగి వెళ్ళిపోయారు. ఆ రాత్రి చెల్లె అన్నం తినలేదు. ఆ తర్వాత రెండేళ్ళు ఏ కెమెరా ముందుకూ రాలేదు. తప్పు ఆమె రంగుది కాదు, నా ఫ్లాష్‌ది. కాదు కాదు, నాది!

అప్పుడు పట్టుకున్నాను పుస్తకాలు. కెమెరా నెత్తి మీది ఫ్లాష్ చాలా చిన్న దీపం. చిన్న దీపం నీడను కత్తితో కోసినట్టు వేస్తుంది. పైగా కెమెరా చూసే దారినే వెలుగూ వెళ్తుంది కాబట్టి ముఖం మీది ఎత్తుపల్లాలు మాయమై అట్టముక్కలా కనిపిస్తుంది. అదే వెలుగును తెల్లటి గోడ మీదికి తిప్పితే? ఆ గోడంతా దీపమైపోతుంది! పెద్ద దీపానికి మెత్తటి నీడ. దీన్నే బౌన్స్ అంటారు.

సినిమా వాళ్ళకు ఇది పాత ముచ్చటే. సత్యజిత్ రే 'అపరాజితో' (1956)లో కాశీ ఇంటిని కలకత్తా స్టూడియోలో సెట్ వేశారు. ముంగిట్లోకి పైనుంచి దిగే పగటి వెలుగు ఎలా తేవాలి? కెమెరామన్ సుబ్రతో మిత్రా సెట్ పైన తెల్లటి గుడ్డ పరిచి, కింది నుంచి దీపాలు దాని మీదికి కొట్టారు. గుడ్డ ఆకాశమైపోయింది. మన 'మాయాబజార్' (1957) పడవ పాటలో వెన్నెల మాత్రం చంద్రుడిదా? అది మార్కస్ బార్ట్‌లే కెమెరా కురిపించిన వెన్నెల!

మరి మనకు అంత హంగు ఎక్కడిది అంటారా? పది అడుగుల గది చాలు. ఫ్లాష్ తల పైకీ పక్కకూ తిరిగేదై ఉండాలి. నేరుగా సీలింగుకే కొడితే కళ్ళ కింద నీడలు గుంటలు పడతాయి, పక్క గోడకు కొట్టండి. గోడ పచ్చరంగుదైతే ముఖమూ పచ్చబడుతుంది, జాగ్రత్త! మనిషిని వెనక గోడకు ఓ ఆరడుగులు ఎడంగా నిలబెట్టండి. వెలుగు గోడదాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి బలం తగ్గుతుంది, ఎందుకంటే దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. రెండు స్టాపులు తగ్గిందనుకోండి, ఐఎస్ఓ 100 నుంచి 400కి పెంచితే సరి.

సాయంత్రం వరంగల్ కోటలో కీర్తి తోరణం ముందు స్నేహితుణ్ణి నిలబెట్టారనుకోండి. ఆకాశం బాగా పడితే మనిషి నల్లటి బొమ్మవుతాడు, మనిషి పడితే ఆకాశం తెల్లకాగితమవుతుంది. ముందు షట్టర్‌తో ఆకాశాన్ని సరిచూసుకోండి, తర్వాత ముఖానికి ఫ్లాష్ కొద్దిగా, మైనస్ ఒకటికి తగ్గించి ఇవ్వండి. మామూలు ఫ్లాష్‌తో చాలా కెమెరాల్లో షట్టర్ 1/200 దాటితే బొమ్మలో నల్లపట్టీ వస్తుంది, మరువకండి. ఫోన్‌తో తీసే వాళ్ళయితే దాని ఫ్లాష్ ఆపేసి, మనిషిని కిటికీ పక్కకు తీసుకెళ్ళండి. కిటికీని మించిన దీపం లేదు!

ఇంతకీ చెల్లె సంగతి చెప్పలేదు కదూ? కిందటి దసరాకు బతిమాలి కూర్చోబెట్టాను. వాళ్ళ హాలు గోడలు పచ్చవి, అందుకని ఓ తెల్ల థర్మోకోల్ షీటు కొనుక్కెళ్ళాను. తమ్ముడు దాన్ని పక్కన పట్టుకున్నాడు, నేను ఫ్లాష్ దాని మీదికి తిప్పాను. ఈసారి చిన్నమ్మ మాట వినలేదు. చామనచాయ చామనచాయగానే వచ్చింది. కళ్ళలో చిన్న తెల్ల మెరుపు, చెంప మీద సన్నని నీడ.

చెల్లె చాలాసేపు చూసుకుంది. "అన్నా, గిది నేనే" అంది. ఆ ఫోటోను ఏ పెళ్ళివారికీ పంపలేదు, తన బీరువా తలుపుకు అంటించుకుంది.

మీ ఇంట్లోనూ కెమెరా చూస్తే తప్పుకునే మనిషి ఒకరుంటారు. ఈ ఆదివారం ఓ థర్మోకోల్ షీటు కొనండి, వాళ్ళను కూర్చోబెట్టండి. 'తెల్లగా తియ్యి' అని ఎవరన్నా అంటే మాత్రం వినపడనట్టే ఉండండి.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం!