వ్రేలాడు స్తంభమును చూచి వచ్చితిమి!

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్న లేపాక్షికి పోయివచ్చిన విద్యావంతులను "ఏమి చూచితిరి?" అని అడుగుడు. "వ్రేలాడు స్తంభమును చూచితిమి. దాని క్రింద గుడ్డ దూర్చి ఇవతలకు లాగితిమి. శుభము కలుగునట!" అని పెక్కుమంది చెప్పుదురు. అదే గుడిలో తల పైకెత్తి కప్పువంక చూచినవారెందరని మేము ప్రశ్నించుచున్నాము.

ఆ కప్పుమీద అచ్యుతదేవరాయల కాలమునాటి (1529–1542) వర్ణచిత్రములు కలవు. పార్వతీకల్యాణము కలదు, కిరాతార్జునీయము కలదు. సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల వీరభద్రుని చిత్రము కలదు. ఆ గుడిని కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారముతో కొలువుతీరిన చిత్రమును కలదు. నాటి పురుషులు ధరించిన నిడుపాటి కుళ్లాయిలను, స్త్రీలు కట్టిన చీరల అంచులను అందు నేటికిని పోల్చుకొనవచ్చును. నాలుగున్నర శతాబ్దములకు పైబడిన యీ చిత్రములు సున్నపుపూతపై నిలిచినవి. దీపపు పొగకును, తడికిని, తాకెడి చేతికిని అవి జంకును, స్తంభము జంకదు. జంకని దానిని చూచి, జంకు దానిని మరచి వచ్చుట మన విద్యకు తగునా?

విరుపణ్ణ తన కన్నులను పెరికి గోడకు కొట్టెననియు, ఆ నెత్తుటి మరకలే యివి యనియు అచ్చట చెప్పుదురు. ఐతిహ్యములను మేము ద్వేషింపము. అవియు జనుల సొత్తే. కాని కథ విని చరిత్రను విడిచినవాడు, పెంకు తిని గుజ్జు పారవైచిన వానివంటివాడు.

లేపాక్షికి ఈ మాత్రపు గౌరవమైనను కలదు. పెనుకొండకు అదియు లేదు. హిందూపురమునుండి ధర్మవరమునకు రైలెక్కినవారందరు దానిని దాటిపోవువారే. 1565లో రక్కసి-తంగడి యుద్ధమున అళియ రామరాయలు కూలిన పిదప తిరుమలరాయలు ఆశ్రయించినది ఈ కొండనే. ఇరువదేండ్లకు పైగా విజయనగర సామ్రాజ్యమునకు ఇది రాజధాని. అచ్చటి గగనమహలునందు కమానులు తురుష్కుల రీతివి, పైకట్టు గుడి శిఖరపు రీతిది. రాముని గుడియు శివుని గుడియు ప్రక్కప్రక్కనే యున్నవి. పార్శ్వనాథుని జైనాలయము, షేర్ ఖాన్ మసీదు, బాబయ్య దర్గా అదే యూరిలో నున్నవి. మతముల పేర కలహించువారికి ఇంతకన్న మంచి పాఠపుస్తకము ఏ బడిలో దొరకును? ఆ పుస్తకమును తెరువక మన పిల్లలచేత రాజుల పేర్లు మాత్రము వల్లె వేయించుచున్నాము.

రాయలసీమలో పాడుబడిన కోటలందును గుళ్లయందును గుప్తనిధులున్నవని నమ్మి రాత్రివేళ త్రవ్వువారు కలరు. పగటివేళ వచ్చి స్తంభముపై తమ పేరు చెక్కి పోవువారును కలరు. మొదటివానిని దొంగయందుము, రెండవవానిని పిల్లవాడని నవ్వి విడుతుము. ఇరువురును ఒకే అజ్ఞానపు బిడ్డలు. ఒకనికి రాతిక్రింద బంగారము కనబడును, ఒకనికి రాతిపై తన పేరే కనబడును. రాయి ఎవనికిని కనబడదు.

"ఇది ప్రభుత్వము చేయవలసిన పని" యని కొందరందురు. రక్షిత కట్టడములను చెరచినవారికి రెండేండ్ల వరకు చెర, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చునని 1958 నాటి చట్టము, 2010 నాటి సవరణతో, చెప్పుచున్నది. అదే రాజ్యాంగము వారసత్వ సంపదను కాపాడుట పౌరుని విధియనియు 51-ఎ అధికరణమున చెప్పుచున్నది. మొదటిది చదివి రెండవది చదువకుండుట సౌకర్యమైన చదువు!

"కూడు లేనివానికి రాళ్ల ముచ్చట యేల?" అని మరికొందరందురు. వారు ధర్మవరమునకు పోయి మగ్గమునొద్ద కూర్చుండవలెను. ఆ పట్టుచీరల అంచులకు లేపాక్షి శిల్పచిత్రములనుండి తీసిన లతలు పెక్కు. కప్పుమీది రంగు రాలినచో నేతగాని కూటికే కొరత. 2022లో లేపాక్షి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినది. పరులు గుర్తించిన దానిని ఇంటివారు గుర్తింపకుండుట సిగ్గుచేటు.

కావున మా మాట యిది. ఈ మూడూళ్ల బడులలో ఏడాదికొకమారు పిల్లలను లేపాక్షికిని పెనుకొండకును కొనిపోవలెను. ఉపాధ్యాయుడు ముందుగా ఆ స్థలచరిత్రమును చదివి పోవలెను. ఇంటి యిల్లాండ్రు యాత్రకు వెళ్లునపుడు గుడ్డముక్కకు బదులు ఒక నోటుపుస్తకమును చేతబట్టుకొని, చూచినదానిని పిల్లలచేత వ్రాయింపవలెను. పేరు చెక్కు చేతిని అక్కడికక్కడ పట్టి ఆపవలెను. చూడనేరనివానికి కాపాడుటయు చేతకాదు. తల పైకెత్తుడు!