టార్గెట్ నిర్ణయించేచోట కార్మికుల మాటకూ చోటుండాలి

అచ్యుతాపురం, రాంబిల్లి, పరవాడ కార్మిక అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, అనకాపల్లి జిల్లా ప్రజలకు విజ్ఞప్తి.

కుట్టు లైన్ పక్కన బోర్డు మీద గంటగంటకూ రెండు అంకెలు పడతాయి. ఎన్ని పీసులు కుట్టాలి, ఎన్ని కుట్టారు. రెండో అంకె తగ్గితే సూపర్‌వైజర్ గొంతు పెరుగుతుంది. బాత్రూంకు లేస్తే లైన్ వెనకబడుతుందని మంచినీళ్లు తాగడమే తగ్గించుకునేవాళ్లున్నారు. జ్వరమొచ్చినా, హాజరు బోనస్ పోతుందని మిషన్ ముందు కూర్చునేవాళ్లున్నారు. దీనికి మోటివేషన్ అని పేరు! భయంతో చేతులు ఆడతాయి గానీ మనసు కుంగిపోతుంది. పని భారం ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలో తేల్చుకునే వీలు తక్కువగా ఉన్నచోటే మానసిక ఒత్తిడి తీవ్రంగా ఉంటుందని అమెరికా, స్వీడన్ కార్మికుల వివరాలు పరిశీలించి పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లోనే చూపాడు. కష్టపడటానికి మనవాళ్లు ఎన్నడూ వెనకాడలేదు. నోరు విప్పే వీలు లేకపోవడమే వాళ్లను నలిపేస్తోంది.

మన జిల్లాలో ఈ ఒత్తిడికి ప్రాణభయం తోడైంది. బ్రాండిక్స్ దుస్తుల తయారీ ప్రాంగణంలో 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి విషవాయువు పీల్చి మహిళలు ఆసుపత్రుల పాలయ్యారు. 2024 ఆగస్టు 21న ఎసెన్షియా ఔషధ కంపెనీలో పేలుడు 17 మందిని బలిగొంది. ఇలాంటివి ఆగాలంటే, ఏదో వాసన తేడాగా ఉందని వెంటనే చెప్పే ధైర్యం కార్మికుడికి ఉండాలి. టార్గెట్ తగ్గితేనే తిట్లు తినేవాడు పని ఆపమని ఎలా అడుగుతాడు? ఇది చాలదన్నట్టు రోజు పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచాలని రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో నిర్ణయించింది.

యోగా తరగతులు, ఉత్తమ ఉద్యోగి అవార్డులు ఇస్తున్నాం కదా అని యాజమాన్యాలు అంటాయి. మంచిదే. కష్టంలో ఉన్నవారికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు కూడా అవసరమే. కానీ ఉదయం యోగా చేయించి, పది గంటలకల్లా అందరి ముందూ తిడితే ఏం లాభం? పట్టు సడలిస్తే ఆర్డర్లు వేరే దేశాలకు పోతాయన్నది ఇంకో మాట. ఈ భయాన్ని కొట్టిపారేయలేం, ఆ ఉద్యోగాలు మన ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నాయి. అయితే కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ నష్టం యాజమాన్యాలకూ తగిలేదే.

అందుకే ప్రతి ఫ్యాక్టరీలో కార్మికులు ఎన్నుకున్నవారు సగం మంది ఉండే కమిటీ కావాలి. టార్గెట్లు, విరామాలు, ఓవర్‌టైం దాని ముందుకు రావాలి. అనారోగ్యంతో సెలవు పెడితే హాజరు బోనస్ కోయకూడదు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. ప్రమాదకర ఫ్యాక్టరీల్లో కార్మికులు, యాజమాన్యం సమానంగా ఉండే భద్రతా కమిటీ ఉండాలని భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లోనే ఫ్యాక్టరీల చట్టంలో చేర్చారు. ఆ హక్కును కుట్టు లైన్‌కూ, పని వేగానికీ విస్తరించమంటున్నాం. మీ పంచాయతీ గ్రామసభలో ఈ మేరకు తీర్మానం చేయించి కలెక్టర్‌కు పంపండి.