గుట్టుగా చేసే పనికి పూచీ ఎవరిది?

తమ దుకాణంలో కొనుగోలుదారుకు ఎలాంటి మర్యాద దక్కుతోందో తెలుసుకోవాలంటే యజమాని స్వయంగా వెళ్లి లాభం లేదు. ఆయన్ను చూడగానే అందరూ సర్దుకుంటారు. అందుకే ఎవరికీ తెలియని మనిషిని మామూలు కొనుగోలుదారులా పంపి, జరిగినదంతా రాయించుకుంటారు. ఇదే మిస్టరీ షాపింగ్. 1940ల నాటికే అమెరికాలో ఈ పేరుతో వాడుకలోకి వచ్చిన ఈ పద్ధతిని ఇప్పుడు మన దేశంలోనూ బ్యాంకులు, సెల్‌ఫోన్ షోరూములు, హోటళ్లు, పెట్రోలు కంపెనీలు వాడుకుంటున్నాయి. బ్రాండు యజమాని ఒక ఏజెన్సీకి పని అప్పగిస్తాడు. ఆ ఏజెన్సీ యాప్‌లోనో వాట్సాప్‌లోనో మనుషుల్ని వెతుక్కుంటుంది. చదువుకుంటూ నాలుగు రాళ్లు సంపాదించుకోవాలనుకునే విద్యార్థులు, ఇంటి ఖర్చులకు ఆసరా కోరుకునే గృహిణులు ఈ పనికి ముందుకొస్తారు. వీరికి ఏదైనా ఆపద వస్తే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరకడం లేదు.

ఈ పనిలోని అపాయం పని స్వభావంలోనే ఉంది. నగర శివార్లలోని ఒక పెట్రోలు బంకుకు రాత్రి పూట వెళ్లమన్నారనుకుందాం. పెట్రోలు కొట్టేముందు మీటరులో సున్నా చూపించారా, అడగకుండానే బిల్లు ఇచ్చారా, గాలి ఉచితంగా నింపారా, మరుగుదొడ్డికి లోపలి గడియ ఉందా అన్నవన్నీ గమనించాలి. అవసరమైతే అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడగాలి. అది ప్రతి వినియోగదారుడికీ ఉన్న హక్కే. కానీ కొలతలో మోసం చేసే చోట ఆ మాట అడిగిన మరుక్షణం అందరి చూపులూ అడిగిన మనిషి మీదే నిలుస్తాయి. ఆపైన ఫొటో తీయాలి. ‘ఎందుకు తీస్తున్నావ్? ఎవరు పంపారు?’ అని నలుగురు చుట్టుముడితే నిజం చెప్పకూడదన్నది షరతు. చెప్తే రిపోర్టు చెల్లదు, డబ్బు రాదు. అబద్ధం ఆడితే అనుమానం పెరుగుతుంది. మామూలు ఉద్యోగికి మెడలో గుర్తింపు కార్డయినా రక్షణగా ఉంటుంది. ఈ పనిలో అదీ ఉండదు.

‘ప్రమాదకరమైన ప్రాంతం’ అనే మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. బస్తీ అనగానే, పాతబస్తీ అనగానే భయపడటం పేదల మీద, ఒక మతం మీద మనకున్న దురభిప్రాయమే తప్ప వివేకం కాదు. రాత్రి పదింటిదాకా జనం తిరిగే, గడపగడపకూ మనిషి కనిపించే సందు కంటే మనిషి జాడ లేని రింగురోడ్డు సర్వీసు రోడ్డు, వైన్‌షాపు పర్మిట్ రూమ్ పక్కన చీకటి పార్కింగ్, షట్టర్లు దించిన పారిశ్రామికవాడ ఎక్కువ ప్రమాదకరం. అపాయాన్ని పేట పేరుతో కాకుండా వేళ, వెలుతురు, జనసంచారం, బయటపడే దారి చూసి అంచనా కట్టాలి.

ఈ పనికి ఒప్పుకొనేవారు పాటించాల్సిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఫీజనో డిపాజిట్టనో డబ్బు అడిగినవారిని మొదటే దూరం పెట్టాలి. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. కొత్త చోటికి పగటిపూట ఒకసారి వెళ్లి చూసి రావాలి. ఎక్కడికి, ఎన్ని గంటలకు వెళ్తున్నదీ ఇంట్లో ఒకరికి చెప్పి, ఫోన్ లొకేషన్ పంచుకోవాలి. అక్కడే నిలబడి నోట్సు రాయకుండా, కాస్త దూరంలో జనం ఉన్న చోటికి వెళ్లాక రాసుకోవాలి. మనుషుల ముఖాలు ఫొటో తీయకూడదు. మాట పెరుగుతోందనిపిస్తే బిల్లు కోసం కూడా ఆగకుండా బయటపడి, అవసరమైతే 112కు ఫోన్ చేయాలి. బతికుంటే బలుసాకు తినొచ్చు.

అయితే ఈ సామెతను పనివాడికి వినిపించి కంపెనీ చేతులు దులుపుకోవడం అన్యాయం. వెళ్లాల్సిన చోటునూ వేళనూ నిర్ణయించేది కంపెనీయే. గుట్టు విప్పొద్దని షరతు పెట్టేదీ అదే. రిపోర్టు అందితేనే డబ్బు, వద్దన్నవారికి మళ్లీ పని దొరకదేమోనన్న భయం ఉన్నంతకాలం ఎంత జాగ్రత్తపరుడైనా కొన్ని వందల రూపాయల కోసం వెళ్లకూడని చోటికి వెళ్తాడు.

క్షేత్రస్థాయిలో ఒంటరిగా పనిచేసేవారి భద్రత ఈ దేశానికి కొత్త ప్రశ్నేమీ కాదు. బాల్య వివాహాన్ని అడ్డుకోబోయిన రాజస్థాన్ గ్రామీణ కార్యకర్తపై 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. 1997 నాటి సుప్రీంకోర్టు విశాఖ తీర్పుకు, దాని నుంచి వచ్చిన 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టానికి మూలం ఆ ఘోరమే. పని నిమిత్తం వెళ్లిన ప్రతి చోటూ, అందుకోసం యజమాని సమకూర్చిన వాహనమూ పని ప్రదేశమేనని ఆ చట్టం చెబుతోంది. తాత్కాలికంగా, ఏజెంటు ద్వారా పనిచేసేవారినీ ఉద్యోగులుగానే లెక్కించింది. పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న సంస్థల మీద వచ్చే ఫిర్యాదులను జిల్లా స్థాయి స్థానిక కమిటీ వింటుంది. మిస్టరీ షాపింగ్‌కు వెళ్లిన మహిళ బంకులోనో షోరూములోనో వేధింపులకు గురైతే ఈ చట్టం ఆమెకు ఆయుధం. ఈ సంగతి ఆమెకు ముందుగా చెప్పాల్సిన బాధ్యత పని ఇచ్చేవారిదే.

ఆ చట్టం లైంగిక వేధింపులకే పరిమితం. దెబ్బలు తిన్నా, ఫోన్ లాక్కున్నా, తిరుగు దారిలో ప్రమాదం జరిగినా ‘నువ్వు మా ఉద్యోగివి కాదు, స్వతంత్ర కాంట్రాక్టరువి’ అని ఏజెన్సీ తప్పించుకోగలదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికులను జాతీయ స్థాయిలో తొలిసారి గుర్తించింది. అగ్రిగేటర్లు వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి జమచేయాలంది. దానితోపాటే వచ్చిన వృత్తి భద్రతా స్మృతి మాత్రం ప్రధానంగా ఉద్యోగులనే దృష్టిలో పెట్టుకుంది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదాను ప్రజల ముందుంచింది. చర్చంతా డెలివరీ కుర్రాళ్లు, క్యాబ్ డ్రైవర్ల చుట్టూ సాగింది. అది అవసరమే. యూనిఫాం లేనందువల్ల కంటికి కనిపించని ఈ పనివారు కూడా ఆ చర్చలోకి రావాలి.

చేయాల్సినవి అసాధ్యమైనవేమీ కావు. చీకటి పడ్డాక చేసే తనిఖీలకు ఇద్దరిని కలిపి పంపాలి. చిక్కుల్లో పడితే చూపించడానికి బ్రాండు సంతకంతో అధికార పత్రం ఇవ్వాలి. పని జరుగుతున్నంతసేపూ ఫోన్ ఎత్తే మనిషి ఏజెన్సీలో ఉండాలి. భయం వేసి మధ్యలో వెనుదిరిగినా పూర్తి డబ్బు ఇవ్వాలి, ఆ కారణంతో తర్వాత పనులు ఆపకూడదు. ప్రమాద బీమా ఒప్పందంలోనే ఉండాలి. ఈ ఖర్చును ఏజెన్సీ ఒక్కటే మోయలేకపోతే రిపోర్టు కొనే బ్రాండు భరించాలి. ఎందుకంటే, ఆ రిపోర్టుతో బాగుపడేది దాని వ్యాపారమే. తన కొనుగోలుదారుకు మర్యాద దక్కుతోందో లేదో తెలుసుకోవడానికి డబ్బు ఖర్చుపెట్టే సంస్థ, ఆ సంగతి తెలుసుకొచ్చే మనిషి క్షేమంగా ఇల్లు చేరే పూచీ కూడా తీసుకొని తీరాలి. దాన్ని సంస్థల దయకు వదిలేయకుండా చట్టంలోనే రాయాలి.