వెల్లకిలా పడితే చచ్చినట్టు కాదు

ప్రశ్న: మాది ఉప్పాడ. పోయిన ఏడాది అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చాను. మా మనవడికి పదకొండేళ్ళు. వాడు గాజుపెట్టెలో అరచెయ్యంత సాలెపురుగుని పెంచుకునేవాడు. నీలం రంగు, కాళ్ళ మీద పసుపు మచ్చలు. టరాంటులా అంటారట. చూస్తేనే నాకు ఒళ్ళు జలదరించేది. వాళ్ళు ముగ్గురూ రెండు రోజులు ఊరెళుతూ దాన్ని నాకు అప్పగించారు. రెండో రోజు పొద్దున్న చూస్తే వెల్లకిలా పడి, కాళ్ళు చాపుకుని, కదలకుండా ఉంది. చచ్చిపోయిందనుకుని చీపురుతో చేటలోకి తీసి చెత్తడబ్బాలో పడేశాను. పిల్లవాడు వచ్చి "అమ్మమ్మా, అది చావలేదు!" అని ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. అప్పట్నుంచి ఫోనులో నాతో సరిగ్గా మాట్లాడడు. ఇప్పుడు అలాంటిదే ఇంకొకటి కొన్నారు. దానికి కాలొకటి విరిగిందట. వచ్చే నెల నేను మళ్ళీ వెళుతున్నాను. మొదటిది నావల్లే చచ్చిందా? ఈసారి దీన్ని ఎలా చూసుకోవాలి?
- ఒక సోదరి, ఉప్పాడ

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. దాచిపెట్టి లాభం లేదు కాబట్టి ఉన్నమాట చెబుతాను. మీరు రాసిన తీరు చూస్తే ఆ పురుగు ఆ పొద్దున్న బతికే ఉండి ఉంటుంది. అది చావలేదు, కుబుసం విడుస్తోంది.

పాము కుబుసం విడిచినట్టే టరాంటులా కూడా పెరిగేకొద్దీ పైతొడుగు విడుస్తుంది. అప్పుడు వెల్లకిలా గానీ, పక్కకి ఒరిగి గానీ పడుకుంటుంది. కొన్ని గంటలపాటు, ఒక్కోసారి రోజంతా, ఉలుకూ పలుకూ ఉండదు. దానికి కొన్నాళ్ళ ముందునుంచే తిండి మానేస్తుంది, రంగు మాసిపోతుంది. తెలియనివాళ్ళు జబ్బు చేసిందనుకుంటారు. మీరే కాదు, ఇలా పొరపాటు పడ్డవాళ్ళు చాలామంది.

మరి చావబోయే పురుగు ఎలా ఉంటుంది? అది మామూలుగా నిలబడ్డట్టే ఉండి, కాళ్ళు మాత్రం పొట్ట కిందికి పిడికిలిలా ముడుచుకుపోతాయి. దీనికి కారణం ఉంది. సాలెపురుగు కాళ్ళు ముడవడానికి కండరాలున్నాయి గానీ, చాపడానికి మాత్రం ఒంట్లో ద్రవం ఒత్తిడే ఆధారం. నీళ్ళు నిండిన రబ్బరుగొట్టం బిగుసుకున్నట్టన్నమాట. ఒంట్లో నీరు తగ్గితే ఆ ఒత్తిడి పోయి కాళ్ళు ముడుచుకుంటాయి. కాబట్టి ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకోండి: వెల్లకిలా ఉంటే ముట్టుకోవద్దు, కాళ్ళు కిందికి ముడిస్తే నీళ్ళు చూడండి.

మీది ఉప్పాడ కదా, మీకు నేత సంగతి ఒకరు చెప్పాలా! మగ్గం మీద జాందానీ చీర సగంలో ఉండగా ఎవరైనా వచ్చి పడుగు లాగితే ఏమవుతుంది? కుబుసం విడిచే పురుగుని కదిపినా అంతే. పెట్టె ఊపవద్దు, మూత తీయవద్దు. తిండికని వేసిన కీచురాళ్ళు బతికుంటే మాత్రం ముందే తీసేయించాలి. ఒళ్ళు మెత్తగా ఉన్నప్పుడు అవే దీన్ని కొరికేస్తాయి. కుబుసం విడిచాక కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి నల్లబడేదాకా, అంటే వారం పదిరోజులైనా, తిండి పెట్టకూడదు.

ఇక విరిగిన కాలు సంగతి. కాలు మొదట్లో కీలు దగ్గర ఊడిపోతే గాయం చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. తర్వాత కుబుసాల్లో కొత్త కాలు చిన్నగా మొలిచి, మెల్లగా పెరుగుతుంది. వేలాడుతున్న కాలుని మీరు లాగవద్దు. గాయం నుంచి లేత నీలంగా నీరులాంటిది కారుతుంటే అదే దాని రక్తం. కొంచెం మొక్కజొన్న పిండి మెత్తటి బ్రష్‌తో గాయం మీద అద్దడం పెంచేవాళ్ళు చేసే పని. మనకి అలవాటు కదా అని పసుపు, డెట్టాల్ వంటివి రాయకండి. గాయం పొట్ట మీద అయితే ఇంటి వైద్యం పెట్టుకోక వెంటనే డాక్టరుకి చూపించమనండి. పాముల్నీ, పక్షుల్నీ చూసే పశువైద్యులు అక్కడ ఉంటారు.

ఇంట్లో పాటించవలసినవి మరికొన్ని:

- సీసామూతంత పళ్ళెంలో మంచినీళ్ళు ఎప్పుడూ ఉంచండి. పొట్ట ముడతలు పడితే నీరు చాల్లేదని అర్థం.
- దోమల చుట్టలు, దోమల మందు మిషన్లు, బొద్దింకల స్ప్రేలు ఆ గదిలో వద్దు. సాలెపురుగుకీ అవి విషమే. కుక్కకి పేలమందు రాసిన చేత్తో పెట్టె తాకకండి.
- ఎత్తునుంచి పడితే పొట్ట పగిలి చచ్చిపోతుంది. పెట్టెని పిల్లలు తగిలించుకునే చోట పెట్టకండి.
- చేత్తో మాత్రం పట్టుకోవద్దు. ఈ జాతి కుడితే ప్రాణం పోయిందన్న దాఖలా లేదు గానీ, కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపెడుతుంది. కదపాల్సివస్తే ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, కింద అట్ట తోయండి.

ఇప్పుడు అసలు విషయం చెబుతాను. నీలం ఒళ్ళు, పసుపు మచ్చలు అన్నారు కదా. అది మన పురుగేనమ్మా! 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించాడు. దొరికింది ఎక్కడనుకున్నారు? మన అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప నిలవచేసే చోట! అందుకే ప్రపంచమంతా దీన్ని గుత్తి పేరుతోనే పిలుస్తుంది. ఆ తర్వాత వందేళ్ళు ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. చెట్టు తొర్రల్లో ఉంటుంది. చెట్లు నరికేయడంవల్ల ఇది అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉందని 2008లో గుర్తించారు. 2019లో అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు కూడా వచ్చాయి. విదేశాల్లో ఇళ్ళలో పిల్లలు చేయించి అమ్ముతున్నారు. ఇక్కడి అడవినుంచి పట్టుకొచ్చి ఎవరైనా అమ్మితే మాత్రం కొనకండి.

ఈసారి ఆవకాయతోపాటు ఈ కథ కూడా పట్టుకెళ్ళండి. వెళ్ళగానే మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "నేను తెలియక చేశాను నాన్నా, అది బతికే ఉందని ఇప్పుడు తెలిసింది" అని మీరే ముందు చెప్పండి. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకుంటే పిల్లల దగ్గర చిన్నతనం ఏమీ లేదు. సాలె అంటే నేత నేసేవాడనీ, సాలెపురుగంటే నేతపురుగనీ, అమ్మమ్మగారి ఊళ్ళో ఇంటింటా మగ్గాలుండేవనీ చెప్పండి. ఆ కుంటికాలు పురుగుకి రోజూ నీళ్ళు మార్చే పని మీరే అడిగి తీసుకోండి.

అది మళ్ళీ వెల్లకిలా పడుకున్న రోజున చీపురు జోలికి పోకుండా, పెట్టె ముందు ఇద్దరూ కూర్చుని చూడండి. కొత్త కాలు మొలిచిందో లేదో అప్పుడు నాకు ఉత్తరం రాయడం మరిచిపోకండి.