బంగారు నానో కణాలతో స్కిన్ క్యాన్సర్‌కు చెక్.. తోట్లవల్లూరు దాకా వచ్చేదెప్పుడు?

బంగారంతో క్యాన్సర్ గడ్డను కాల్చేస్తారట.. వినగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. అసలు ఇందులో నిజమెంత? తోట్లవల్లూరు లంకల్లో కంద, పసుపు పండించే రైతుకు ఇది ఇప్పుడు ఉపయోగపడుతుందా?

ఎలా పనిచేస్తుంది?
కంటికి కనిపించనంత చిన్న బంగారు కణాలను గడ్డలోకి పంపి, పైనుంచి లేజర్ కాంతి వేస్తారు. కణాలు వేడెక్కి క్యాన్సర్‌ను చంపుతాయి. రేడియేషన్‌లో దారి వేరు. బరువైన లోహ కణాలు ఎక్స్-రేలను ఎక్కువగా పట్టి, దెబ్బ గడ్డపైనే గట్టిగా పడేలా చేస్తాయి. హాఫ్నియం ఆక్సైడ్ కణాలకు 2019లో యూరప్ అనుమతి వచ్చింది. అయితే అది చర్మ క్యాన్సర్‌కు కాదు, మెత్తటి కణజాలాల్లో వచ్చే సార్కోమాకు.

మన దగ్గర ఎక్కడిదాకా వచ్చింది?
పని అయ్యాక బంగారం ఒంట్లోనే ఉండిపోతే ఎలా? కాలేయం, ప్లీహంలో పేరుకుపోతే ముప్పే కదా! అందుకే ఐఐటీ బాంబే పరిశోధకులు ఒంట్లో కరిగి బయటికి పోయే బంగారు పూత కణాలు తయారుచేశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. ఆ బృందంలోని అరవింద్ కుమార్ రేంగన్ తర్వాత ఐఐటీ హైదరాబాద్‌లో ఇదే రంగంలో పనిచేస్తున్నారు. కానీ ఆ ప్రయోగం ఎలుకల మీద జరిగింది. చర్మ క్యాన్సర్‌కు ఇది ఇంకా మన ఊరి ఆసుపత్రి వైద్యం కాలేదు.

మరి ఇప్పుడేం చేయాలి?
నల్లటి ఒంటికి ఎండ వల్ల వచ్చే ముప్పు తక్కువే. అలాగని క్యాన్సర్ రాదనుకోవద్దు. మనవాళ్లలో మెలనోమా ఎక్కువగా అరికాలు, అరచేయి, గోరు కింద కనిపిస్తుంది. పాత కాలిన మచ్చ మీద, ఏళ్ల తరబడి మానని పుండు మీద, చీర లేదా పంచె బిగించి కట్టే నడుం దగ్గర కూడా చర్మ క్యాన్సర్ వస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. ఉత్త కాళ్లతో మట్టిలో దిగేవాళ్లు అరికాలి మచ్చను ముల్లు గుచ్చిందనుకుంటారు. షుగర్ ఉంటే షుగర్ పుండే అనుకుని పసరు కట్టేస్తారు. నెలలు గడిచిపోతాయి.

నెల దాటినా మానని పుండు, పెరుగుతున్న లేదా రంగు మారుతున్న మచ్చ ఉంటే వెంటనే డాక్టర్‌కు చూపించండి. ముక్క పరీక్షతో తేలిపోతుంది. తొలిదశలో దొరికితే చాలామందికి చిన్న ఆపరేషన్‌తోనే సరిపోతుంది. ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ చికిత్సలూ ఉన్నాయి.

బంగారు కణాలు రేపు రావచ్చు.. అరికాలి మచ్చను మాత్రం ఇవాళే చూసుకోవాలి.