ఒక్క మెతుకు చాలునా?

స్థాలీపులాక న్యాయం మనవారికి సుపరిచితం. కుండలోని అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని దాని భావం. అన్నం విషయంలో అది నిజమే. మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే సెగపై ఉడుకుతాయి. కాని ఒక కార్యాలయంలోని ఉద్యోగులు ఒకే కుండలోని మెతుకులు కారు. పాత ఈ-మెయిలు సాఫ్ట్‌వేరును విడిచి కొత్తదానికి మారదలచిన సంస్థలు తరచుగా ఈ భేదాన్ని విస్మరిస్తాయి.

సాధారణంగా జరిగేదేమిటి? కంప్యూటరు విభాగంలోని పదిమంది రెండు వారాలపాటు కొత్త సాఫ్ట్‌వేరును వాడి చూస్తారు. ఉత్తరాలు వెళుతున్నాయి, వస్తున్నాయి. ప్రయోగం ఫలించిందని నివేదిక సిద్ధమవుతుంది. ఆ పదిమందికి లేని అవసరాలు తక్కినవారికి ఉన్నాయన్న సంగతి తరువాత గాని బయటపడదు. అధికారి తరపున ఆయన ఉత్తరాలను తెరిచి చూసే సహాయకుడు, ఒకే చిరునామాను అయిదుగురు పంచుకొనే ఫిర్యాదుల విభాగం, పదేళ్లనాటి ఉత్తరాన్ని క్షణంలో వెదకి తీయవలసిన గుమాస్తా, కాగితాన్ని స్కాను చేసి తానే మెయిలుగా పంపే యంత్రం - వీటిలో ఏదీ ఆ ప్రయోగంలో లేదు. యంత్రాన్ని అభిప్రాయం అడగాలని ఎవరికి తోస్తుంది?

సంస్థ ఎంత పెద్దదైతే ఈ వైవిధ్యం అంత పెరుగుతుంది. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్ర ప్రభుత్వం 2025లో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్చేంజ్, అవుట్‌లుక్‌లను విడిచి ఓపెన్-ఎక్స్చేంజ్, థండర్‌బర్డ్‌లకు మారింది. 40,000కు పైగా మెయిలు పెట్టెలు, 10 కోట్లకు మించిన ఉత్తరాలు, క్యాలెండరు నమోదులు ఆరు నెలల్లో తరలివెళ్లాయి. ఒకే విదేశీ కంపెనీపై ఆధారపడరాదన్న ఆ సంకల్పం మెచ్చదగినదే. అయినా మార్పు నడుమ న్యాయస్థానాల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. పొరపాట్లు జరిగాయని సంబంధిత మంత్రియే అంగీకరించవలసి వచ్చింది. సచివాలయంలో ఒక ఉత్తరం ఆలస్యమైతే మరునాడు చూసుకోవచ్చు. న్యాయస్థానంలో ఆలస్యమైతే ఎవరి గడువో దాటిపోవచ్చు.

కనుక ప్రయోగానికి ఎన్నుకోవలసినది ఉత్సాహవంతులను మాత్రమే కాదు. కొత్తదంటే ముఖం చిట్లించే వృద్ధ గుమాస్తా అందులో తప్పక ఉండాలి. పని తక్కువగా ఉన్న రోజుల్లో గాక, జీతాల బిల్లులు కదిలే నెలాఖరులో ప్రయోగం జరగాలి. అన్నింటికంటె ముఖ్యమైనది వెనుకకు వచ్చే దారి. ప్రయోగకాలంలో వచ్చిన ప్రతి ఉత్తరమూ పాత పెట్టెలోనికి కూడా చేరే ఏర్పాటు లేనిచో, వెనుకకు రావడమంటే ఆ ఉత్తరాలను పోగొట్టుకోవడమే అవుతుంది. ఇందుకోసం రెండు సాఫ్ట్‌వేర్లకూ కొన్ని నెలలు రుసుము చెల్లించవలసి వస్తుందన్న అభ్యంతరం కాదనలేనిది. అయితే అది ముందుగా లెక్కకట్టగల ఖర్చు.

కాని అనేక సంస్థల్లో ఒప్పందంపై సంతకాలు ముందే అయిపోతాయి, ప్రయోగం ఆ తరువాత మొదలవుతుంది. పెళ్లి అయిన పిదప జరిపే పెళ్లిచూపుల వంటి ఆ తతంగంలో, "ఇది నా పనికి ఉపకరించదు" అని గుమాస్తా వ్రాసి ఇచ్చినా ఆ కాగితాన్ని ఏ అధికారీ తెరిచి చూడడు.